ఒక్క పార్కింగ్, రెండు ముసలి కార్లు

హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కు ఉన్నది ఒక్కటే పార్కింగ్. చుట్టాల్లో ఉన్నవి రెండు ముసలి కార్లు. జనగామలో తాతది 1968 ఫియట్ 1100 డిలైట్. మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, మేనమామది 1965 స్టాండర్డ్ హెరాల్డ్. తాత చూపు తగ్గి తోలడం మానేశాడు. మామ షెడ్డు కూలగొట్టి ఇల్లు కడుతున్నాడు. "నువ్వు తీస్కపోకుంటే తుక్కుకు పోతది అల్లుడా" అన్నాడు.

ఇంజినీరింగ్ బుర్ర కదా, ఎక్సెల్ షీట్ తెరిచా.

హెరాల్డ్ 1959లో ఇంగ్లండ్‌లో పుట్టింది, మన దగ్గర మద్రాసులో తయారైంది. గీసింది మాత్రం ఇటలీ డిజైనర్ మికెలోటి. ఫియట్ అచ్చంగా ఇటలీదే, బొంబాయి కుర్లాలో తయారయ్యేది. మనకు తెలిసిన ప్రీమియర్ పద్మిని దీని తర్వాతి పేరే. ఇంజన్ ఫియట్‌ది 1089 సీసీ, హెరాల్డ్‌ది 948. కానీ హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది, ఇంజన్ మొత్తం చేతికి అందుతుంది. 25 అడుగుల్లో గుండ్రంగా తిరిగిపోతుంది. మానుకోట సందులో ఒక్క తిప్పుకే తిరిగింది. చూపులకూ అదే అందం. షీట్‌లో హెరాల్డే గెలిచింది.

దాన్నే జనగామ తెచ్చా. భూపాలపల్లిలో మేనత్త ఇంటికి తాతను, నానమ్మను తీసుకెళ్దామని. దానికేమో రెండే తలుపులు. ముందు సీటు మడిచి వెనక్కి దూరాలి. మోకాళ్ల నొప్పుల నానమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "నేనేమన్న మేకపిల్లనారా, దుంకి ఎక్కనీకి?" అంది.

సరే అని ఫియట్ తీశాం. నాలుగు తలుపులు. నానమ్మ వెనక హాయిగా కూర్చుంది, తాత నా పక్కన. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే, నాకేమో అలవాటు లేదు. హన్మకొండ దాటాక పరకాల రోడ్డు మీద తాత కళ్లు మూసుకుని, "ఇగ నాలుగెయ్" అన్నాడు. వేశా. ఇంజన్ గోల తగ్గింది. ఎదురుగా లారీ వస్తే స్లో చేశా. "మూడుకు రా బిడ్డా, గుంజుతలేదు." రోడ్డు కనబడకపోయినా, చెవులతో భూపాలపల్లి దాకా కారు తోలింది ఆయనే.

నా షీట్‌లో ఆ కాలమ్ లేదు.

50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, కొత్తగా చేయించుకుంటే 20,000 రూపాయలు. కానీ ఆ నంబర్‌తో రోజూ తిరగడానికి వీల్లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్, రిపేర్లు, అంతే. అందుకే ఫియట్‌కు ఆ నంబర్ వద్దనుకుని, మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించా. పార్కింగ్ దానికే ఇచ్చా. పదిహేను రోజులకోసారి జనగామ వెళ్తున్నా. తాత గేటు దగ్గరే ఆగి, ముందు ఇంజన్ విని, తర్వాతే నన్ను పలకరిస్తాడు.

హెరాల్డ్ కోసం మామను మూడు నెలలు ఆగమన్నా. బానెట్ లేపిన ఫొటో స్టేటస్‌లో పెడితే అందరూ లవ్ గుర్తు కొట్టారు. ధర మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇంకా నెలన్నర ఉంది.