రాళ్లు మోసిన ఊరు

రైలు మాచర్లతో ఆగిపోతుంది. అక్కణ్నుంచి బస్సెక్కాల్సిందే. చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల దగ్గర కొందరు దిగిపోతారు. మిగతావాళ్లు సాగర్ కుడిగట్టు మీదున్న విజయపురి సౌత్‌లో దిగి, లాంచీ టికెట్ల కోసం పరుగెడతారు. నాగార్జునకొండ చూసి సాయంత్రానికల్లా తిరుగుముఖం. దిగిన ఊరిని మాత్రం ఎవరూ చూడరు. మేమూ రెండుసార్లు అలాగే వచ్చి వెళ్లినవాళ్లమే. మూడోసారి లాంచీ తప్పిపోయింది. చేతిలో మూడు గంటలు మిగిలాయి. సరే, ఊరు చూద్దామని బయల్దేరాం.

పల్నాట్లో ఎక్కడికెళ్లినా బొడ్రాయి చుట్టూ, గుడి చుట్టూ, చెరువు గట్టు వెంట ఊళ్లు వాటంతటవే పెరిగినట్టుంటాయి. ఇది అలా కాదు. ముందు కాగితం మీద గీసి, తర్వాత నేల మీద కట్టిన ఊరు. తిన్నగా సాగే వీధులు, వరసలు వరసలుగా క్వార్టర్లు. ఇంటి సైజు చూస్తే చాలు, అందులో ఉన్నాయన ఇంజినీరో గుమాస్తానో చెప్పేయొచ్చు! ఇప్పుడు కొన్నింటికి కొత్త సున్నం పడింది, ముందు రేకుల షెడ్డు వెలిసింది. కొన్నింటి గోడల్లోంచి రావిమొక్కలు తొంగిచూస్తున్నాయి.

అసలిక్కడ ఊరెందుకు పుట్టింది? రాయి కోసం.

1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. ఉత్తరాన అదే కాలంలో లేస్తున్న భాక్రా పూర్తిగా కాంక్రీటు. మనకేమో సిమెంటు కరువు, యంత్రాలు తెప్పించుకుందామంటే విదేశీ మారకం కరువు. ఉన్నవల్లా రెండే... చుట్టూ రాయి, పని కోసం ఎదురుచూసే జనం. అందుకే రాతి కట్టడం వైపు మొగ్గారు. కొండలు పేల్చి, రాయి కొట్టి, ఏటి గర్భం నుంచి 124 మీటర్ల ఎత్తున పేర్చుకుంటూ పోయారు. పాలమూరు నుంచి జట్లు జట్లుగా కూలీలు దిగారు. కర్రలతో కట్టిన పరంజాల మీద మగవాళ్లు కావడి బద్దకు రాయి వేలాడదీసుకుని, ఆడవాళ్లు తలమీద తట్టలతో చీమలబారులా ఎక్కేవారు. ఆనాటి ఫొటోల్లో మొదట మనుషులు కనిపిస్తారు, ఆ తర్వాతే డ్యామ్.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లొదిలారు. మాచర్ల, గురజాల, నరసరావుపేట దారుల్లో జొన్న, సజ్జ చేలు వరి మడులయ్యాయి. కానీ పని పూర్తయితే పనివాడికి అక్కడేం పని? క్వారీల్లో చప్పుడు ఆగింది. పాలమూరు జట్లు మరో ప్రాజెక్టు వెతుక్కుంటూ వెళ్లాయి. ప్రాజెక్టు కాలనీల బాధే ఇది. ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. ముప్ఫయ్యేళ్లు కాపురమున్నా, పెరట్లో వేపచెట్టు నాటినా, పిల్లల పెళ్లిళ్లు చేసినా ఆ గోడల మీద నంబరు తప్ప పేరుండదు. వెళ్లలేక మిగిలినవాళ్లే ఈ ఊరిని ఊరిగా నిలబెట్టారు.

పేరు కూడా అరువుదే. విజయపురి ఇక్ష్వాకుల రాజధాని, 1,700 ఏళ్ల కిందటిది. వాళ్లదీ రాతి పనే! ఇప్పటికీ పిడుగురాళ్లలో బట్టీలకెక్కి సున్నమయ్యే, మాచర్లలో 1958 నుంచీ సిమెంటుగా మారుతున్న ఆ పల్నాటి సున్నపురాయి మీదే వాళ్ల శిల్పులు బుద్ధుడి కథలు చెక్కారు. ఆ నగరం ఆనవాళ్లు 1926లో బయటపడ్డాయి. జలాశయం నిండుతుందని తెలిశాక 1954 నుంచి 1960 వరకు ఉరుకులు పరుగుల మీద తవ్వారు. దొరికిన శిల్పాలను కొండమీది మ్యూజియానికి చేర్చారు, రంగశాలను అనుపు దగ్గర మళ్లీ కట్టారు. లోయలో కాపురమున్న జనం మూటాముల్లె సర్దుకున్నారు. నగరం నీళ్లలో ఉండిపోయింది, పేరొక్కటే గట్టెక్కింది.

ఇప్పుడిక్కడ పొద్దున్నే వినిపించేది సమ్మెట దెబ్బలు కాదు, స్టడీ అవర్ గంట. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ ఉన్నాయి. ఏపీఆర్జేసీ సాగర్‌లో సీటంటే ఊరంతా చెప్పుకునే రోజులు చాలా ఇళ్లలో గుర్తుండే ఉంటాయి. తాతలు రాళ్లు మోసినచోట మనవలు పుస్తకాలు మోస్తున్నారనుకుంటే బావుంటుంది గానీ, నిజానికి వీళ్లు వేరే ఊళ్ల పిల్లలు. వీళ్లూ చదువైపోగానే వెళ్లిపోతారు. ఈ ఊరి రాతే అంతేమో!

ఒకే పనికోసం కట్టిన జంట ఊళ్లను కూడా 2014లో విభజన విడదీసింది. ఎడమగట్టు తెలంగాణ, కుడిగట్టు మనది. 2023 నవంబరు 30న 26 గేట్లలో 13 మావంటూ మన పోలీసులు డ్యామ్ మీదికెళ్లాక, కాపలాకు కేంద్ర బలగాలొచ్చాయి. కట్టేటప్పుడు ఏ రాయి ఏ జిల్లా కూలీ మోశాడో ఎవరూ లెక్క రాయలేదు.

ఇంకో మాట. జలాశయానికి కూతవేటు దూరంలోనే, మెరకన ఉన్న పాపానికి వెల్దుర్తి వైపు పొలాలు వానకోసం మొగులు చూస్తూనే ఉన్నాయి. అక్కడి రైతులు దశాబ్దాలుగా అడుగుతున్న వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. సాగర్‌కు శంకుస్థాపన అయ్యాక అప్పటికి 68 ఏళ్లు!

మీరు వెళ్లేటట్టయితే శుక్రవారం వద్దు, మ్యూజియానికి సెలవు. లాంచీలు తిరుగుతున్నదీ లేనిదీ ముందే కనుక్కోండి. లాంచీ దొరక్కపోయినా విచారించకండి, క్వార్టర్ల వైపు నడవండి.

మేం తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు మాచర్ల బస్సొచ్చింది. పంచె కట్టుకున్న ఓ పెద్దమనిషి ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని దిగాడు. వెనకే కొత్త చొక్కా వేసుకున్న కుర్రాడు. పెట్టె నేను పట్టుకుంటా నాన్నా అన్నాడు వాడు. ఆయన ఇవ్వలేదు.