పాత ట్రాక్టరుకు కొత్త బరువు

విజయవాడ ఆటోనగరములో, లారీ షెడ్లకు వెనుకనున్న యొక సందులో, పాత ట్రాక్టరుల మరమ్మతులు చేయు కార్ఖానా కలదు. నేను పోయిననాడు అందొక 35 అశ్వశక్తుల మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు వెనుక చక్రము జాకీపై లేచియుండెను. చెరకు ట్రాలీతో కాలువకట్ట నెక్కునపుడు ముందు చక్రములు నేల విడుచుచున్నవని ఉయ్యూరు ప్రాంతపు వృద్ధ రైతొకడు దానిని తోలుకొని వచ్చెనట.

ఆ యంత్రమును తేలికగా నిర్మించుటకు కారణము కలదు. ఐర్లండు దేశీయుడగు హారీ ఫెర్గూసన్ 1926లో పేటెంటు పొందిన లింకేజీ (నాగలిని ట్రాక్టరుకు తగిలించు కడ్డీల అమరిక), నాగలికి నేల కలిగించు ప్రతిఘటననే బరువుగా మార్చి వెనుక చక్రములపైకి మరల్చును. ముందు భాగమును సైతము నేలకు అదిమియుంచును. ట్రాలీకట్టిన నాడు ఆ రక్ష యుండదు. ట్రాలీభారము ఇరుసుకు వెనుక హుక్కుపై బడి ముందు భాగమును పైకెత్తును.

మేస్త్రి మొదట హుక్కును పరిశీలించి, "దీన్ని పైకి బిగించారు బాబాయ్, అసలు జబ్బు ఇదే" అని క్రిందికి దించి బిగించెను. పిదప ముందు బంపరుకు పోతయినుప బిళ్లలు తగిలించెను.

నా కత్యంతము ముచ్చట గొలిపినది, చక్రములకు పట్టు పెరుగుటకై వెనుక టైరులో నీరు నింపు విధానము. వాల్వు పైకి వచ్చునట్లు చక్రమును త్రిప్పి, పిన్ను ఊడదీసి, ఎత్తుననున్న డ్రమ్మునుండి గొట్టము పెట్టి, నడుమనడుమ దానిని తీసి లోని గాలిని బుసబుస వెడలనిచ్చుచు, నీరు వాల్వునుండి వెలికి చిమ్మగానే ఆపివేసెను. అప్పటికి టైరు ముప్పాతికవంతు నిండును. తక్కిన చోటు గాలిది. చక్రమునకు సుమారు 150 లీటర్లు, అనగా అన్ని కిలోల బరువు, ఖర్చు లేకయే చేరును. శీతలదేశములలో నీరు గడ్డకట్టకుండ కాల్షియం క్లోరైడు కలుపుదురు. కృష్ణాతీరమున ఆ యవసరము లేదు. ఈ బరువు టైరు ద్వారా తిన్నగా నేలకే చేరును గనుక అరిగిన ఇరుసు బేరింగులపై పడదు. పాత బండికి ఇంతకన్న యోగ్యమైన బరువు లేదని నా నిశ్చయము. చట్రమునకు ఇనుపతుక్కు వెల్డింగు చేయించుట నాకు సమ్మతము కాదు, ఏలయన అక్కరతీరిన బరువును తీసివేయు వీలుండవలెను.

"దమ్ముకు దిగేముందు నీళ్లు తీసేయించు బాబాయ్, లేకపోతే దిగబడుద్ది" అని మేస్త్రి హెచ్చరించెను. పక్కకు ఒరగకుండుటకై చక్రపు డిస్కులను త్రిప్పి బిగించి వెనుక చక్రముల నడిమి వెడల్పును కూడ పెంచెను.

ఇంత చేసినను, పాత ట్రాక్టరుపై డ్రైవరును కాపాడు ఇనుపచట్రము లేదు; వెనుకకు లేచిన బండి తిరుగబడుటకు రెండు సెకన్లైన పట్టదు. కావున హుక్కును ఇరుసుకన్న క్రిందనే యుంచుడనియు, మడ్‌గార్డుపై ఎవరిని కూర్చుండనీయవలదనియు రైతుసోదరులను వేడుచున్నాను.