జెడ్ 91.120

2024 జూన్ 11, మంగళవారం
మైత్రీవనం వెనక సందులో మెడికల్ కోడింగ్ క్లాసు. ఇవాళ జబ్బులకూ గాయాలకూ కోడ్‌లిచ్చే అమెరికా ఐసీడీ-10లో ప్రమాదాల అధ్యాయం. బాతు పొడిస్తే ఒక కోడ్, ఢీకొడితే ఇంకొకటి. విమానం ఇంజిన్ లోపలికి లాగేసుకున్నా కోడ్ ఉంది. క్లాసంతా నవ్వులు. "నవ్వండి. ఏడో అక్షరం మర్చిపోతే మాత్రం క్లెయిమ్ వెనక్కొస్తుంది" అన్నారు సార్. చికిత్స నడుస్తుంటే 'ఏ', తర్వాత మళ్లీ చూపించుకోవడానికొస్తే 'డి'. ఇంజిన్‌లోకి పోయినవాడు మళ్లీ చూపించుకోవడమేంటో!

జూన్ 13, గురువారం
రాత్రి హాస్టల్లో 'ది హాస్పిటల్' చూశాం. 1971 నాటి అమెరికా సినిమా. రాసిన పాడీ చయెఫ్‌స్కీకి ఆస్కార్ వచ్చింది. ఖాళీ మంచం మీద నిద్రపోయిన కుర్ర డాక్టర్ని రోగి అనుకుని సెలైన్ ఎక్కిస్తారు, తెల్లారేసరికి శవం. హంతకుడు ఉన్నాడుగానీ, పని చాలావరకు ఆసుపత్రి నిర్లక్ష్యమే చేసిపెడుతుంది. లెక్కల విభాగం ఆవిడ మాత్రం ఎమర్జెన్సీలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి బీమా వివరాలు అడుగుతుంటుంది.

మన 'ఠాగూర్' (2003)లోనూ శవానికి వైద్యం చేసి బిల్లేస్తారు. కానీ అక్కడ చిరంజీవి వచ్చి నిలదీస్తాడు. ఇందులో నిలదీద్దామంటే ఎవరినని? బిల్లావిడనా? ఆవిడ పనేగా నేను నేర్చుకుంటున్నది.

జూన్ 15, శనివారం
పెద్దమ్మకు గుండె పరీక్షలు. పంజాగుట్ట నిమ్స్‌లో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చున్నాం. ఆరోగ్యశ్రీ పరిమితి డిసెంబరులోనే 10 లక్షలకు పెంచారు. ఇక్కడా ప్యాకేజీలు, ముందస్తు అనుమతులు.
"గిదేనా బిడ్డా నువ్వు చదివేది?"
"ఇట్లాంటిదే పెద్దమ్మా. అమెరికావాళ్లకి."
"ఆళ్లకు గూడ కార్డుంటదా?"
"ఉంటది. నెలనెలా పైసలు కడతరు. అయినా ఒక్కోసారి కంపెనీ ఇయ్యనంటది."
"కట్టించుకొని ఇయ్యనంటడా? మా చిట్టీలోడు నయం."

జూన్ 18, మంగళవారం
ప్రాక్టీసు చార్టు. ఛాతీలో నొప్పి, 'గుండె జబ్బు కావచ్చు' అని డాక్టరు రాశాడు. ఔట్‌పేషెంట్ చార్టులో 'కావచ్చు'కు కోడ్ వేయకూడదు, నొప్పికే వేయాలి. వేశాను. కింద ఇంకో వాక్యం: 'ఖర్చు భరించలేక మందు సగమే వేసుకుంటున్నాడు.' దానికీ ఉంది, జెడ్ 91.120. డబ్బుల్లేక 'ఉద్దేశపూర్వకంగా' మందు తగ్గించుకోవడం. చయెఫ్‌స్కీకి కూడా తట్టని మాట.

కోడింగ్ పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు. ఈ కోడ్ ముఖ్యమైనది, గుర్తుపెట్టుకోమన్నారు సార్.