రాజు లేని కోట, నీళ్లు లేని ఏరు: మన ఒకటిన్నర రోజు యాత్ర

ఫొటోలు గ్రూపులో పెట్టాం, అందరూ చూశారు. కానీ ఫొటోల్లో పట్టని సంగతులు కొన్ని ఉండిపోయాయి. వాటిని రాసిపెట్టమని పెద్దలు అన్నారు. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

మొదట మనం అనుకున్నది రాజస్థాన్ యాత్ర అని మీకు గుర్తుండే ఉంటుంది. జైసల్మేర్ కోట, థార్ ఎడారి, బట్టమేక పిట్టలుండే ఎడారి జాతీయ వనం. ఆ వనం ఒక్కటే 3,162 చదరపు కిలోమీటర్లట. కాట్పాడిలో రైలెక్కితే నాలుగైదు రోజుల్లో చూసి రావచ్చని లెక్క వేశాం. మనిషికి అయ్యే ఖర్చు చెప్పగానే మీటింగులో సగం మంది నోరు మెదపలేదు. "పోగలిగినవాళ్లు పోదాం" అని కొందరు. "అందరూ రాలేని యాత్రకు సంఘం పేరెందుకు?" అని కొందరు. మాటా మాటా పెరిగింది. ఇద్దరు సభ్యులు టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు.

అప్పుడు మన రిటైర్డ్ హిస్టరీ సారు లేచి, "కోట చూడాలా, ఎడారి చూడాలా? రెండూ మన వేలూరులోనే ఉన్నాయి కదప్పా" అన్నారు. మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. మన ఊరి గురించి అరవంలో ఒక పాత సామెత ఉంది, మీరూ వినే ఉంటారు: చెట్లు లేని కొండ, నీళ్లు లేని ఏరు, దేవుడు లేని గుడి, రాజు లేని కోట, ఇదీ వేలూరు అని. "ఆ నాలుగూ వరసగా చూపిస్తాను, మనిషికి 450 రూపాయలు చాలు" అన్నారు. అట్లా మొదలైంది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుగూకే దాకా. 38 మందిమి, ఒక బస్సు.

శనివారం మూడు గంటలకు కోట. మాతో 78 ఏళ్ల అవ్వ ఒకరు వచ్చారు. కాట్పాడికి కోడలిగా వచ్చి అరవై ఏళ్లు దాటిందట. "కందకం పక్కనే బస్సులో ఎన్ని వందల సార్లు పోయినానో, లోపలికి రావడం ఇదే మొదలు" అన్నారు. మాలో చాలామంది పరిస్థితి అదే, పైకి చెప్పలేదంతే.

మన తాతలు ఈ ఊరిని రాయవేలూరు అనేవాళ్లు. ఆ రాయలు ఎవరో సారు చెప్పారు. విజయనగరం కాలంలో 16వ శతాబ్దంలో కట్టిన కోట ఇది. కట్టించినవాళ్లుగా చిన్న బొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి పేర్లు చెబుతారు. హంపీ పడిపోయాక అరవీటి రాజులు ఇక్కడి నుంచీ ఏలారు. 1614లో ఈ కోటలోనే శ్రీరంగరాయలను కుటుంబంతో సహా జగ్గరాయడు చంపించాడు. వెలుగోటి యాచమనాయుడు ఒక చాకలివాని సాయంతో, బట్టల మూటలో దాచి ఒక పిల్లవాణ్ణి బయటికి తెప్పించాడు. ఆ పిల్లవాడే తర్వాత రామదేవరాయలయ్యాడు. ఈ సంగతి ఆ రోజుల్లోనే బర్రదాస్ అనే పోర్చుగీసు పాదిరీ రాసిపెట్టాడు. ఫోన్లు చూసుకుంటున్న మన పిల్లలు మూట దగ్గరికి వచ్చేసరికి తలలెత్తారు. "ఏ ద్వారం గుండా పోయినాడు సార్?" అని ఒకటే ప్రశ్నలు.

తర్వాత 1806 జూలై 10 కథ. కొత్త తలపాగా పెట్టుకోవాలి, గడ్డం తీయాలి, బొట్టు పెట్టకూడదు అన్న ఆజ్ఞల మీద సిపాయిలు తెల్లవారకముందే తిరగబడి, టిప్పు సుల్తాను జెండా ఎగరేశారు. ఆర్కాటు నుంచి గుర్రపు దళం వచ్చి అదే రోజు అణచివేసింది. 1857 కంటే యాభై ఏళ్ల ముందు మాట ఇది. మనం రోజూ బస్సు దిగే ఊళ్లో.

కోట లోపలే జలకంఠేశ్వరుడి గుడి. కల్యాణ మండపంలో స్తంభాల మీది యాళీలు, ఒకే తలతో ఇటు చూస్తే ఎద్దు, అటు చూస్తే ఏనుగు అయ్యే శిల్పం, అన్నీ చూశాం. కానీ అసలు సంగతి వేరు. యుద్ధాల కాలంలో ఇక్కడి లింగాన్ని బయటికి తరలించారు. తర్వాత ఎన్నో తరాల పాటు గర్భగుడి ఖాళీ. మందుగుండు, ఆయుధాలు దాచుకునే చోటుగా కూడా వాడారు. సామెతలోని దేవుడు లేని గుడి ఇదే. చివరికి 1981 మార్చి 16న సత్తువాచ్చారిలో ఉన్న లింగాన్ని లారీలో తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. అది ఊరివాళ్ల పట్టుదల. అవ్వ అప్పటి సంగతి గుర్తు చేసుకున్నారు: "ఆ పొద్దు ఊరంతా కోటకాడికే పరిగెత్తింది. నాకు చంటిబిడ్డ, పోలేకపోయినా." నలభై ఏళ్లు దాటాక దండం పెట్టుకున్నారామె. మేము పక్కకు జరిగి నిలబడ్డాం.

పొద్దు వాలుతుండగా పాలారు ఒడ్డున ముత్తు మండపం చేరాం. శ్రీలంకలోని కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ సమాధి అక్కడుంది. మధుర నాయకులతో బంధుత్వమున్న వంశం ఆయనది. 1815లో ఇంగ్లీషువాళ్లు గద్దె దించి, తర్వాత వేలూరు కోటకు తెచ్చారు. 1832 జనవరి 30న ఇక్కడే పోయాడు. కోటకు రాజు లేడనే సామెత, ఉన్న రాజేమో ఖైదీ.

అక్కడి నుంచి ఏట్లోకి దిగాం. ఏరంటే ఇసక, తుమ్మ చెట్లు, ప్లాస్టిక్ కవర్లు. సారు ఆగి, "ఇదే మీరడిగిన ఎడారి" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

పాలారు కర్ణాటకలో నంది కొండల్లో పుడుతుంది. అక్కడ 93 కిలోమీటర్లు, కుప్పం మీదుగా ఆంధ్రలో 33, మన తమిళనాడులో 222. థార్ ఎడారి వాన లేక ఎడారి. అక్కడి చెట్టూ పిట్టా దానికి అలవాటుపడి బతుకుతాయి. పాలారు అట్లా కాదు. పైన కట్టలు, ఒడిలో ఇసక తవ్వకం, ఒడ్డున తోళ్ల పరిశ్రమల నీళ్లు, ఇవన్నీ కలిసి చేసిన ఎడారి ఇది. ఆ మాట సుప్రీంకోర్టు దాకా పోయింది. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం అనే పౌర సంఘం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. ఇక్కడ దాదాపు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో పూర్తిగానో పాడైందన్న సర్వే ఆ తీర్పులో ఉంది. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని కోర్టు చెప్పింది ఆ కేసులోనే. దేశమంతటా లా చదివే పిల్లలు మన ఊరి పేరు చదివేది అందుకే. ఆ తర్వాత 28 ఏళ్లు దాటాక, 2025 జనవరి 30న, నష్టపోయిన కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని, ఆ డబ్బు పాడు చేసినవాళ్ల నుంచి రాబట్టాలని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అవ్వ వంగి, చేత్తో ఇసక తోడి చూశారు. "మా కాలంలో మోచేతిలోతు చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి నాయనా. బిందె పెట్టుకొని కూచుంటే నిండిపోయేది." మోచేతిలోతుకు మించే తవ్వారు. తడి కూడా తగల్లేదు. 2021 నవంబరులో ఇదే ఏరు ఒడ్లు తన్నుకొని పారింది. కాబట్టి ఏరు పూర్తిగా చావలేదు. వచ్చిన నీటిని నిలుపుకోవడం మనకు చేతకాలేదు.

ఆదివారం పొద్దున్నే మేల్పాడి, వళ్లిమలై. కాట్పాడి నుంచి గంట ప్రయాణం కూడా లేదు. మేల్పాడి పక్కన పారేది పొన్నై ఏరు. అదే చిత్తూరులో మనవాళ్లు పిలిచే నీవా నది. సరిహద్దు దాటితే పేరు మారింది, నీళ్లు అవే. రాజరాజ చోళుడు ఇక్కడ తన తాత అరింజయుడి గుర్తుగా గుడి కట్టించాడు. తంజావూరు పెద్ద గుడి కట్టించిన అదే రాజు. ఇంత చిన్నగా, ఇంత శుభ్రంగా ఉన్న ఆ గుడి దగ్గర మా 38 మంది తప్ప ఎవరూ లేరు.

వళ్లిమలై అంటే మనకు వళ్లీ, మురుగన్. అదే కొండ మీద 9వ శతాబ్దపు జైన తీర్థంకరుల శిల్పాలు బండకు చెక్కి ఉన్నాయి. గంగరాజు రాచమల్లుడు జైన వసతి చేయించాడని అక్కడి కన్నడ శాసనం చెబుతుంది. అరవ దేశం, కన్నడ శాసనం, తెలుగు మాట్లాడుతూ ఎక్కిన మనం. సారు చాలా సంతోషంగా వివరిస్తున్నారు.

అప్పుడే జరిగింది, ఫొటోల్లో లేని సంగతి. మనవాళ్ల పిల్లవాడొకడు, పదమూడేళ్లవాడు, కొంచెం అవతల బండ మీద బైకు తాళంచెవితో తన పేరు గీస్తున్నాడు. మొదటి రెండక్షరాలు పడ్డాయి, ఇంగ్లీషులో. వాళ్ల నాన్న చెయ్యెత్తారు. ఇది రక్షిత కట్టడం, దీన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే చట్టం ఉందని ఎవరో అన్నారు. పిల్లవాడు వణికిపోయాడు.

అవ్వ మెల్లగా మెట్ల మీద కూర్చొని వాణ్ణి దగ్గరికి పిలిచారు. "ఆ రాజూ రాసినాడు, నువ్వూ రాసినావు. ఆయన ఎందుకు రాసినాడో సారు ఇప్పుడే చెప్పినారు. నువ్వెందుకు రాసినావో చెప్పు నాయనా."

వాడు కాసేపటికి, "నేను వచ్చినానని తెలియాలని" అన్నాడు.

"రాజు వచ్చినానని రాయలేదు కదా. ఇచ్చినానని రాసినాడు."

ఆ మాట వాడికంటే మాకే ఎక్కువ తగిలింది. మన సంఘం హాల్లో ట్యూబులైటు మీద దాత పేరు ట్యూబులైటు కంటే పొడుగ్గా రాసి ఉంటుంది. యాత్రలో బ్యానరు పట్టుకొని ప్రతిచోటా ఫొటో దిగాం, వచ్చామని తెలియాలని. ఇచ్చిందేమిటి? అందుకే ఆ తర్వాత బ్యానరు బస్సులోంచి దించలేదు. మీలో కొందరు "గుడియాత్తంలో గ్రూపు ఫొటో ఎందుకు లేదు?" అని అడిగారు. కారణం ఇదీ.

మధ్యాహ్నం గుడియాత్తం. లుంగీల నేతకూ అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు, మే నెలలో గంగమ్మ శిరసు ఊరేగే ఊరు. అక్కడి సభ్యులు పెట్టిన భోజనం గురించి విడిగా రాయాలి. తిన్నాక మోర్దానా ఆనకట్ట దగ్గరికి వెళ్లాం. కౌండిన్య నది మీద కట్టింది. పైన సరిహద్దు అవతల, చిత్తూరు జిల్లాలో, 1990లో ప్రకటించిన కౌండిన్య అభయారణ్యం. సుమారు 358 చదరపు కిలోమీటర్లు. జైసల్మేర్ వనంలో ఎనిమిదో వంతు కూడా లేదు. ఎండిన ముళ్లపొదలు, ఆకు రాల్చిన చెట్లు, కాలుతున్న బండలు. ఎడారి కాదు గాని, దాని దాయాదే అనిపించింది. ఎన్నో తరాలుగా ఏనుగుల్లేని ఆ అడవికి 1980ల్లో మందలు తమంతట తామే వచ్చి స్థిరపడ్డాయి.

మాకు ఏనుగు కనబడలేదు. లద్దె కనబడింది. పిల్లలకు అదే పండగ. కానీ మాతో వచ్చిన గుడియాత్తం సభ్యుడు నవ్వలేదు. ఆయన మామిడి తోటలోకి ఏనుగులు వచ్చి, పైపులు విరిచి, పదేళ్ల చెట్లు రెండు పడగొట్టాయి. "కోపం లేదన్నా. అడవిలో నీళ్లుంటే మా బావికాడికి ఎందుకొస్తాయి?" అన్నారు. ఏట్లో ఇసక తోడిన అవ్వ మాటా, ఈయన మాటా ఒకటే. 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని పలమనేరు వైపు తెచ్చారు. వాటితో మందల్ని మళ్లించవచ్చు. నీళ్లు మాత్రం తేలేం.

తిరుగు బస్సులో సారు సామెత మళ్లీ గుర్తుచేసి, "నాలుగింటిలో ఏవి మారాయి?" అని పిల్లల్ని అడిగారు. తాళంచెవి పిల్లవాడే ముందుగా చెప్పాడు: "గుడికి దేవుడొచ్చినాడు సార్. కోటకు రాజు ఇప్పుడు అక్కర్లేదు. ఏరూ కొండా మిగిలినాయి."

మిగిలినవి చేతకానివి కావు. మన జిల్లాలోనే నాగనది కోసం పల్లెల్లో వేలమంది ఆడవాళ్లు ఉపాధి హామీ పనిలో ఇంకుడు బావులు కట్టారు, ఎండిన ఏరు మళ్లీ తడిసింది. 2021లో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా ఆ మాట వచ్చింది. వాళ్లెవరూ మనకంటే డబ్బున్నవాళ్లు కారు.

లెక్క చూస్తే యాత్రలో 2,150 రూపాయలు మిగిలాయి. రాజస్థాన్ వద్దని మేము అనడం లేదు, తప్పకుండా పోదాం, అందరూ రాగలిగేలా చీటీ కట్టుకొని పోదాం. అంతకంటే ముందు ఒక ఆదివారం నాగనది ఊళ్లకు పోయి, ఆ బావులు ఎట్లా కట్టారో ఆ అక్కల్నే అడిగి నేర్చుకొని వద్దామా? మన హాలు వానచూరు నీళ్లు కాలవలో పోతున్నాయి. మొదటి ఇంకుడు గుంట అక్కడే తవ్వవచ్చు.

టీ తాగకుండా వెళ్లిపోయిన ఆ ఇద్దరు సభ్యులు కూడా రావాలి. అవ్వ అప్పుడే పేరు ఇచ్చేశారు. మీరూ కింద మీ పేరు రాయండి. ఒక్క షరతు: ఆ గుంట మీద ఎవరి పేరూ ఉండదు.