మారనిదానిని ముందు చెప్పుదము

మా అంగన్‌వాడీ కేంద్రమునకు 2021వ సంవత్సరమున ‘పోషణ్ ట్రాకర్’ వచ్చెను. అంతవరకు పిల్లల హాజరును, బరువును, ఎత్తును రిజిస్టర్లలో వ్రాసికొనుచుండిన మేము ఇక సెల్‌ఫోనులో ఎక్కింపవలెనట! చేతికిచ్చిన కాగితము నిండ ఇంగ్లీషు మాటలే. మాలో పెద్దవారగు అక్కగారు, “ఇరువదియేండ్ల కొలువు పోవునేమో!” యని కంటతడి పెట్టిరి.

మరునాడు సూపర్‌వైజరుగారు వచ్చి ఆ కాగితమును చదువలేదు. పాత రిజిస్టరును ఫోను ప్రక్కన బెట్టి, “అక్కా, ఈ గడియే ఆ గడి. బిడ్డను తూచుట మీరెరిగినదే, వ్రాయు చోటు మాత్రమే మారినది” అనిరి. ఒక బిడ్డను తూపించి, అక్కగారి వ్రేలితోనే అంకె వేయించిరి. “కొన్నాళ్లు రెండు వ్రాతలును తప్పవు, శ్రమయే” యని దాచక చెప్పిరి. సిగ్నలు లేనినాడు ఏమి చేయవలెనో, పొరపాటైన నెవరి నడుగవలెనో తెలిపిరి. ఆ నెల మా కేంద్రమున బరువులన్నియు ఎక్కించినది అక్కగారే!

సోదరీమణులారా! కొత్త పద్ధతికంటె తెలియని మాటయే మనుజుని ఎక్కువ భయపెట్టును. ఇంట కోడలికైనను, పనిమనిషికైనను మార్పు చెప్పునపుడు, మారనిదానిని ముందు చెప్పుదము, మారినదానిని చేసి చూపుదము, కష్టమును దాచకుందము.