చివరివాడు దాటేదాకా



ఈ వేసవి వి.బి.ఎస్.లో పిల్లలకు ఒక ఇంగ్లీషు కథల పుస్తకం చెప్పామని, రోజూ దానికి తగ్గ ఆట ఒకటి ఆడించామని మీలో చాలామంది విన్నారు. ఒకరిద్దరు పెద్దలు నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, మంత్రగత్తె, మాట్లాడే సింహం ఉన్న కట్టుకథ మందిరంలో ఎందుకండీ? పైగా గెలుపూ ఓటమీ లేని ఆటలేంటండీ?" అని అడిగారు. చాటున అనుకోకుండా నన్నే అడిగినందుకు వారికి నా కృతజ్ఞతలు. వారికి జవాబుతో పాటు, ఆ పది రోజుల్లో మన పిల్లల మధ్య నేను చూసినది కూడా రాస్తున్నాను.

పుస్తకం పేరు 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. రాసినది సి. ఎస్. లూయిస్ గారు. 1950లో అచ్చయింది. ఆయన బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం బోధించారు. వయసులో ఉన్నప్పుడు దేవుడు లేడన్న మనిషి, ముప్పై దాటాక విశ్వాసి అయ్యారు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైనప్పుడు, బాంబుల భయంతో లండను వంటి పట్టణాల నుంచి లక్షల మంది పిల్లల్ని పల్లెలకు పంపేశారు. అలా వచ్చిన కొందరు బడిపిల్లలు లూయిస్ గారి ఇంట్లో కూడా ఉన్నారు. కథలోని నలుగురు పిల్లలు పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ కూడా అలా ఊరుగాని ఊరు వచ్చినవారే. తుఫాను హెచ్చరిక వస్తే పిల్లల్ని చుట్టాల ఇళ్లకు పంపిన రోజులు మన పెద్దలకు గుర్తే కాబట్టి, ఇది మనకు అంత దూరపు సంగతేం కాదు.

ఆ ఇంట్లో ఒక పాత చెక్క బీరువా ఉంటుంది. లూసీ అందులోకి వెళ్తే, కోట్ల వెనకాల నార్నియా అనే వేరే లోకం కనబడుతుంది. అక్కడ ఒక తెల్ల మంత్రగత్తె ఎప్పుడూ చలికాలమే ఉండేలా చేసింది. క్రిస్మస్ మాత్రం రానివ్వదు. ఎడ్మండ్ ఆమె దగ్గర మిఠాయి తిని, దాని మీద ఆశతో సొంత అన్నాఅక్కాచెల్లెళ్లను ఆమెకు పట్టివ్వబోతాడు. ఆ మిఠాయి పేరు టర్కిష్ డిలైట్. పిల్లలకు నేను బందరు హల్వా లాంటిదని చెప్పాను, వెంటనే అర్థమైంది. ద్రోహి ప్రాణం మంత్రగత్తెకు చెందాలన్నది అక్కడి ధర్మం. అస్లాన్ అనే సింహం ఎడ్మండ్‌కు బదులు తన ప్రాణం ఇస్తుంది, తిరిగి లేస్తుంది. ఇది ఎవరి కథను తలపిస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. పిల్లలకూ నేను చెప్పలేదు. ఎనిమిదో రోజు వాళ్లే చెప్పారు.

ఇక కట్టుకథ సంగతి. న్యాయాధిపతులు తొమ్మిదో అధ్యాయంలో యోతాము కొండమీద నిలబడి చెప్పిన కథ చూడండి. అందులో చెట్లు మాట్లాడుకుంటాయి, తమకు రాజు కావాలని తిరుగుతాయి. నాతాను ప్రవక్త దావీదు దగ్గరకు వెళ్లి, నీవు పాపం చేశావని మొదటే అనలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. కోపంతో తీర్పు చెప్పేశాక గాని, ఆ తీర్పు తన మీదే పడిందని దావీదుకు తెలియలేదు. కథకు ఆ బలం ఉంది. మనం తలుపు వేసుకుని కూర్చుంటే అది కిటికీలోంచి వస్తుంది.

పుస్తకంలో పదిహేడు అధ్యాయాలు. రోజుకు రెండు చొప్పున ఎనిమిది రోజులు, తొమ్మిదో రోజు చివరిది, పదో రోజు పిల్లల కార్యక్రమం. నా దగ్గర ఉన్నది ఒక్క ఇంగ్లీషు పుస్తకం, పిల్లలు ముప్పై ఇద్దరు. అందుకని జట్టుకు ఎనిమిది మంది చొప్పున నాలుగు జట్లు చేశాం. జట్టు నుంచి ఇద్దరిద్దరిని పిలిచి, కథలో ఒక్కో ముక్క ఒక్కో జతకు తెలుగులో చెప్పేవాళ్లం. వాళ్లు తమ జట్టుకు వెళ్లి చెప్పాలి. ఎవరి దగ్గరా మొత్తం కథ ఉండదు. చదువులో వెనకబడ్డ పిల్లాడు నోరు విప్పకపోతే ఆ జట్టుకు ఆ ముక్క లేనట్టే. ఇది నా తెలివి కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో, తెల్ల, నల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలు ఒకే బడిలో చేరి కొట్లాడుకుంటున్నప్పుడు, ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఆటలూ అదే తీరు. అన్నిటికంటే పిల్లలు ఇష్టపడినది గోనెసంచుల ఆట. మీ దగ్గర పిల్లలకు నేర్పేవాళ్లుంటే ఆడించవచ్చు కాబట్టి వివరంగా చెబుతాను. వేపచెట్టు నుంచి మందిరం మెట్ల దాకా నేలంతా కరుగుతున్న మంచునీరు అనుకోవాలి. ఎనిమిది మందికి ఆరు సంచులే ఇస్తాం. కాలు సంచి మీదే పెట్టాలి. ముందున్నవాళ్లు సంచి పరచుకుంటూ వెళ్తే, వెనక ఉన్నవాళ్లు ఖాళీ అయిన సంచి తీసి ముందుకు అందించాలి. ఎవరి కాలో చెయ్యో తగలకుండా సంచి ఒక్క క్షణం ఒంటరిగా ఉన్నా మంత్రగత్తె వేషంలో ఉన్న టీచరు లాగేసుకుంటుంది. ఎవరైనా నేల మీద కాలు పెడితే జట్టంతా మళ్లీ వేపచెట్టు దగ్గరకు రావాలి. ఏడుగురు దాటితే దాటినట్టు కాదు, ఎనిమిదో మనిషి మెట్టు ఎక్కాలి.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చెప్పాలి. మన సంఘంలో రెండు కుటుంబాల మధ్య పొలం గట్టు తగాదా ఉంది. ఇద్దరు తల్లులనూ అడిగి, వాళ్లు రాయమన్నాకే రాస్తున్నాను. ఎవరో మీకు తెలిసినా పేర్లు పైకి అనకండి. ఒక ఇంటి బాబుకు తొమ్మిదేళ్లు. రెండో ఇంటి పాపకు పన్నెండు. నిరుడు ఆ బాబు వాళ్లింట్లో ఆడుకుంటూ విన్న మాట తన ఇంట్లో చెప్పాడు. అది పెద్దమనుషుల పంచాయితీ దాకా వెళ్లింది. అప్పటి నుంచి పిల్లలు వాడితో కలవడం మానేశారు. ఈ పది రోజులకు ఇద్దరూ ఒకే జట్టులో పడ్డారు. చీటీలు వేసి జట్లు చేశాం కాబట్టి అందులో నా చెయ్యి లేదు.

నాలుగో రోజు, ఎడ్మండ్ చడీచప్పుడు లేకుండా మంత్రగత్తె ఇంటికి బయలుదేరే అధ్యాయం చెప్పాం. ఆ సాయంత్రానికల్లా ఆ బాబుకు కొత్త పేరు వచ్చింది. "ఒరే ఎడ్మండూ!" అని పిలవడం, నవ్వడం. ఐదో రోజు సంచుల ఆటలో వాడి పక్కన ఎవరూ నిలబడలేదు. వాడు చివర మిగిలాడు. వెనక్కి చెయ్యి చాచేవాళ్లు లేక, వాడు సంచి అందించబోతే అందుకునేవాళ్లు లేక, ఆ జట్టు మూడు సార్లు వేపచెట్టు దగ్గరకు తిరిగొచ్చింది. "వీడి వల్లే అయ్యగారండీ, వీణ్ణి వేరే జట్టులో వెయ్యండి" అన్నారు. వాడు ఏమీ అనలేదు. చేతిలో సంచి మడతపెట్టుకుంటూ నిలబడ్డాడు.

నేను జట్టు మార్చలేదు, పిల్లల్ని తిట్టలేదు. ఏడో రోజు కోసం ఆగాను. ఆ రోజు పదమూడో అధ్యాయం. ఎడ్మండ్‌ను విడిపించి తీసుకొస్తారు. తెల్లారగానే అస్లాన్ అతనితో ఒంటరిగా నడుస్తూ మాట్లాడుతుంది. ఏం మాట్లాడిందో లూయిస్ గారు పాఠకులకు కూడా చెప్పరు. తరువాత అస్లాన్ అతణ్ణి మిగతా ముగ్గురి దగ్గరకు తీసుకొచ్చి, జరిగిపోయినదాని గురించి ఇతనితో మాట్లాడవలసిన పనిలేదంటుంది. అక్కడ కథ ఆపేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత నాలుగు కుర్చీలు తెచ్చి మెట్ల మీద వేశాం. నార్నియాలో నాలుగు సింహాసనాలు నిండితేనే మంత్రగత్తె పాలన పోతుందని ముందే ఒక మాట ఉంది. "ముగ్గురు కూర్చుంటే చాలదా?" అని అడిగాను. వెనక నుంచి ఒక చిన్నపిల్ల, "చాలదండీ, చలి పోదుగా!" అంది.

ఆ రోజు కుర్చీలాట ఆడించాం, కానీ తిరగేసి. పాట ఆగిన ప్రతిసారీ ఒక కుర్చీ తీసేస్తాం, మనిషిని మాత్రం తీసెయ్యం. ఉన్న కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి. కెనడాకు చెందిన టెర్రీ ఆర్లిక్ 1978లో ఇలాంటి ఆటలతో ఒక పుస్తకమే వేశారు. చివరికి నాలుగు కుర్చీల మీద ఎనిమిది మంది ఒకరి ఒడిలో ఒకరు, ఒకరి భుజం పట్టుకుని ఒకరు కూర్చున్నారు. ఆ బాబు కూడా ఉన్నాడు.

తొమ్మిదో రోజు మళ్లీ సంచుల ఆట. వాడు మళ్లీ చివరే నిలబడ్డాడు, ఈసారి తనంతట తాను. సంచులు ఏరి అందించే పని చివరివాడిదేనని, అది అందరికంటే కష్టమైనదని వాడు కనిపెట్టాడు. సగం దారిలో వాడి కాలు జారబోయింది. ముందున్న ఆ పన్నెండేళ్ల పాప వెనక్కి తిరిగి, "రారా, నా చెయ్యి పట్టుకో. నువ్వు పడితే అందరం పడతాం" అంది. అందులో ప్రేమ ఎంతో, గెలవాలన్న తొందర ఎంతో నేను చెప్పలేను. చెయ్యి మాత్రం పట్టుకుంది. ఎనిమిది మందీ మెట్టు ఎక్కారు.

తరువాత ముగింపు అధ్యాయం చెప్పాను. యుద్ధంలో అందరూ మంత్రగత్తె మీద పడుతుంటే, ఎడ్మండ్ ఒక్కడే ఆమె చేతిలోని మంత్రదండాన్ని విరగ్గొడతాడు. యుద్ధం మలుపు తిరిగింది అక్కడే. పెద్దయ్యాక అతనికి వచ్చిన పేరు న్యాయవంతుడైన ఎడ్మండ్ రాజు. ఆ మాట అన్నప్పుడు నేను ఎవరి వైపూ చూడలేదు. ఆ సాయంత్రం నుంచి ఆ పిలుపు మళ్లీ వినబడలేదు.

1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే ఆచార్యుడు పదకొండేళ్ల మగపిల్లలను వేసవి శిబిరంలో రెండు గుంపులు చేసి బహుమతుల పోటీలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు కాల్చుకునేదాకా వచ్చింది. సమాధానపరచాలని ఇద్దరినీ ఒకే చోట భోజనానికి కూర్చోబెట్టాడు, కలిపి సినిమా చూపించాడు. ఫలితం లేదు, అన్నాల దగ్గర గొడవ ఇంకా పెరిగింది. నీళ్ల సరఫరా ఆగినప్పుడు, భోజనం తెచ్చే లారీ మొరాయించినప్పుడు మాత్రం రెండు గుంపులూ కలిసి పనిచేయక తప్పలేదు. తాడుకట్టి ఆ లారీని అందరూ ఒకే వైపు లాగారు. అలాంటి పనులు ఒకటి తరువాత ఒకటి చేశాక గాని వైరం తగ్గలేదు.

సహోదరులారా, ఇది చదివినప్పుడు మన మందిరం గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం ఒకే కప్పు కింద కూర్చుంటాం. ఒకే పాట పాడతాం. కూర్చున్నంత మాత్రాన కలవం. నీవు లేకపోతే ఈ పని జరగదు అనే పని ఒకటి మన మధ్య ఉండాలి. పౌలు గారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పన్నెండో అధ్యాయంలో శరీరం, అవయవాల గురించి చెప్పినదీ అదే. కన్ను చేతిని అక్కరలేదనలేదు. అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు, శరీరం పనిచేసే తీరే అంత.

పోటీ ఆటలకు నేను వ్యతిరేకిని కాను. కుర్రాళ్లు కబడ్డీ ఆడుతుంటే నేనూ నిలబడి చూస్తాను. కబడ్డీలోనూ చూడండి, చచ్చి బయట కూర్చున్నవాడు శాశ్వతంగా చచ్చినట్టు కాదు. తనవాళ్లలో ఒకడు ఎదుటివాణ్ణి ఔట్ చేస్తే వీడు బతికి లోపలికి వస్తాడు. సొంత బలంతో కాదు, ఇంకొకడి కష్టంతో. మన పల్లెల ఆటలోనే ఇంత సువార్త ఉంది.

గట్టు తగాదా ఇంకా తెగలేదు. సర్వేయరు రావాలంటున్నారు. పెద్దవాళ్లు ఎదురుపడితే ఇంకా తల తిప్పుకుంటున్నారు. కానీ మొన్న ఆదివారం సండే స్కూలు అయ్యాక చాపలు మడవడానికి ఆ పాప ఒక కొస పట్టుకుంటే, ఆ బాబు రెండో కొస పట్టుకున్నాడు. చాప ఒక్కరితో మడతపడదు కదా.

వచ్చే నెల మందిరం పైకప్పు రేకులు మార్చాలని పెద్దలు నిర్ణయించారు. రేకు ఎక్కించాలంటే పైన ఇద్దరు, కింద ఇద్దరు ఉండాలి. ఎవరు ఎవరితో నిలబడాలో ఈసారి కూడా చీటీలే వేద్దాం. మీ ఇంటి చీటీ మీరే రాసి తీసుకురండి.

చివరివాడు దాటేదాకా ఆగే కృప ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.