వాడరేవు – వేడెక్కిన ఇంజను

చిలకలూరిపేట నుండి పర్చూరు మీదుగా వస్తే దారిపొడవునా మన పత్తి, మిరప చేలే. చీరాల దగ్గర నల్లరేగడి ఆగి ఇసుక మొదలవుతుంది. అక్కడికి కొద్ది మైళ్ళలోనే వాడరేవు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లా. చాలామంది సముద్రస్నానానికి వస్తారు. మేము కూడికలకు వెళ్ళాము.

ఇక్కడి కుటుంబ కూడికలలో ఒక ప్రార్థన విన్నపము తరచుగా వింటాము: వల లాగిన తరువాత ఇంజను మళ్ళీ అందుకోవాలని. పట్టణము వారికిది వింతగా తోచవచ్చు గాని, ఆయిలింజనుతో మిరపకు నీళ్ళు పెట్టినవారికి తోచదు. తెల్లవారుజామున చల్లని ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంటుంది. నడిసముద్రములో ఆపి, అరగంట తరువాత తిప్పితే మొరాయిస్తుంది. చేతులు పడిపోయేవరకు హ్యాండిలు తిప్పుతారు. ఈలోగా బోటు కెరటాలకు అడ్డము తిరుగుతుంది. ఆ భయముతో కొందరు వేట ముగిసేవరకు ఇంజను ఆపనే ఆపరు. వచ్చిన డబ్బు డీజిలుకే పోతుంది.

బోట్లు బాగుచేసే సహోదరుడొకరు మాకు విప్పి చూపించారు. చల్లగా ఉన్నప్పుడు సతాయించి, వేడెక్కాక బాగా అందుకుంటే సాధారణముగా రింగులు అరిగి కంప్రెషన్ తగ్గినట్టు. దీనికి తారుమారైతే ముందుగా డీజిలు పంపును అనుమానించాలి. వేడికి డీజిలు పలుచనవుతుంది. పంపులో ప్లంజరు అరిగితే ఆ పలుచని డీజిలు సందులోంచి వెనక్కు జారి, చేతితో తిప్పే వేగానికి నాజిలు వరకు ఒత్తిడి చేరదు. అందుకే పొగ కూడా రాదు. తడి గోనెగుడ్డ పంపు మీద కాసేపు కప్పి తిప్పితే అందుకుందా, తప్పు పంపుదే. ఎర్రగా కాగిన హెడ్డు మీద మాత్రము నీళ్ళు పోయరాదు, పగులుతుంది. గుడ్డ వేసినా అందుకోకపోతే గొట్టములో గాలి చేరిందేమో, టాపెట్ల సందు మరీ బిగువుగా ఉందేమో చూడాలి. సందు చాలకపోతే వేడికి సాగిన వాల్వులు పూర్తిగా మూసుకోవు.

ఆ తడిగుడ్డ ఒడ్డు చేరడానికే గాని సంవత్సరమంతా బ్రతకడానికి కాదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధము. పంపు బాగుచేయించడానికి అదే సమయము, చేతిలో డబ్బు ఆడనిదీ అప్పుడే. 2025లో ప్రభుత్వము ఆ కాలానికి అర్హులైన కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. అందులో మొదటి వాటా పంపుదని మా అభిప్రాయము. బడి ఫీజులు, షావుకారు బాకీ ముందున్న తల్లులు ఒప్పుకోలేదు. ఒక ఇంట మాత్రము పంపు విప్పి, డీజిలుతో కడిగి, పాత చీర ముక్కలో చుట్టి గుమ్మము పక్కన పెట్టారు. మరునాడు ఒంగోలు బస్సుకు తీసుకుపోతారట.